కాలువలోంచి తీసిన సైకిల్

వారమంతా కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు కాబట్టి అందరూ అతన్ని అద్దాలాయన అంటారు. ఆదివారం మాత్రం దొరకడు. పొద్దున్నే పెరట్లో రేకుల షెడ్డులోకి దూరి, ఏ గోడ పక్కనో కుళ్లిపోతున్న పాత సైకిల్ని తెచ్చి, ముక్క ముక్కా విప్పి, కిరసనాయిల్లో నానబెట్టి, తోమి, మళ్లీ బిగిస్తూ కూర్చుంటాడు. దాంతో పైసా రాబడి లేదు. చేతులకి గ్రీజు, ఇంట్లోవాళ్ల దీవెనలు తప్ప.

"ఇంట్లో మనుషులం ఇద్దరం, గోడల నిండా సైకిళ్లు. వీటికీ నేనే వండి పెట్టాలేమో!" అంటుంది వదిన, ముందు గదిలో కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండా.

ఈ సరదా ఉన్నవాళ్లందరికీ ఒక సంగతి తెలుసు. బాగుచేసిన పాత సైకిల్ తొలి సవారీలో ఎక్కినవాడి మాట వినదు. ఆఖరిసారి ఎక్కడికి పోతూ ఆగిపోయిందో అక్కడికే పోతుంది. ఆ గడప దాటించి లోపలికి తీసుకెళ్తే తప్ప కొత్త యజమానికి లొంగదు. అద్దాలాయన స్నేహితుడు పళ్ల డాక్టరుని ఒక సైకిల్ ఊరి చివర మూతబడ్డ సినిమాహాలుకి తీసుకుపోయింది. ఆ హాలు ఇప్పుడు సిమెంటు గోడౌను. పాపం, వాచ్‌మన్‌ని బతిమాలుకుని లోపలికి తోసుకెళ్లాల్సొచ్చింది. ఇంకోటి ఎవరో పెద్దావిడ ఇంటికి తీసుకుపోయిందట. ఆ వివరాలు డాక్టరు చెప్పడు, ఆయన భార్యా అడగదు.

రబ్బరుకి మతిమరుపు, ఇనుముకి కాదు అంటారు ఈ సైకిళ్ల పిచ్చోళ్లు. టైర్లు, ట్యూబులు కొత్తవి వేసుకోవచ్చు. ఇనుప ముక్క మాత్రం ఇంకో సైకిల్‌ది వేస్తే బండి రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టు ఊగిసలాడి మనిషిని పడేస్తుంది.

ఒక ఎండాకాలం, ఎన్నో ఏళ్ల తర్వాత కాలువకి నీళ్లు ఆపి పూడిక తీశారు. పాత ఇనుము కొనే ముసలాయన బురద ముద్దలాంటి సైకిల్ని రిక్షాలో వేసుకొచ్చి షెడ్డు ముందు దించాడు. అద్దాలాయన గొట్టం పట్టి నీళ్లు కొట్టాడు. బురద జారి, ముందు బారు మీద చిన్న సీటు బిగించే పట్టీలు బయటపడ్డాయి. చిన్నప్పుడు తనని కూర్చోబెట్టుకోవడానికి అన్న ప్రత్యేకంగా చేయించిన పట్టీలవి. అద్దాలాయన చేతిలో గొట్టం అలాగే కారిపోతూ ఉండిపోయింది.

అమ్మానాన్నలు పోయాక అతన్ని పెంచింది అన్నా వదినలే. ఒక సాయంత్రం వాళ్లిద్దరికీ మాటా మాటా పెరిగింది. అన్న సైకిలెక్కి వెళ్లాడు, మళ్లీ రాలేదు. "ఈ గడప తొక్కనని చెప్పి పోయాడు మహానుభావుడు," అని వదిన అందరికీ చెప్పింది. వేరే ఆడదానితో లేచిపోయాడని లోకం చెప్పుకుంది. వదిన మిషను తొక్కి మరిదిని చదివించింది. తొక్కుతూ రోజూ మొగుణ్ని తిట్టింది. అద్దాలాయనకి వచ్చిన సంబంధాలన్నీ అన్న సంగతి అడిగి, ఆ రక్తమే కదా అనుకుంటూ వెనక్కి పోయాయి.

వదిన పెరట్లోకి వచ్చి సైకిల్ని చూసింది. పట్టీల మీది బురదని కొంగుతో తుడిచింది.

"నీళ్లలో పడి కొట్టుకుపోయాడన్నమాట."

"వదినా..."

"పోతూ పడ్డాడా, వస్తూ పడ్డాడా?"

ఊరొదిలి పోవడానికి రైలు స్టేషనుకి వెళ్లాలన్నా, అక్కణ్నించి ఇంటికి రావాలన్నా కాలువ గట్టే దారి.

"బాగుచేస్తే తెలుస్తుంది," అన్నాడు చివరికి.

"అయితే చెయ్యి. ఆ మహాతల్లి ఎవరో నేనూ చూస్తాను."

అతనికి చెయ్యాలని లేదు. అన్న తమని వదిలేసి పోతూ పడ్డాడని తేలితే, ఆ చిన్న సీటు మీద కూర్చున్న రోజులు కూడా తనకి మిగలవని భయం. అయినా వదిన మాట కాదనే ధైర్యం అతనికి ఏనాడూ లేదు.

వానాకాలం వెళ్లిపోయింది. పట్టేసిన పెడల్ని వేడిచేసి ఊడదీశాడు. పళ్ల డాక్టరు తన సన్న పనిముట్లు తెచ్చి మరమేకుల సందుల్లో తుప్పు గీకాడు. చక్రం ఇరుసులో ఒక బేరింగు గుండు బురదలో కలిసిపోయింది. తప్పనిసరై దాని బదులు కొత్తది వేశారు.

చలి మొదలయ్యాక సవారీ పెట్టుకున్నారు. వదిన ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచితో వెనక క్యారియరు మీద కూర్చుంది. అద్దాలాయన గేటు వైపు తిప్పి పెడలు తొక్కాడు. సైకిల్ కదల్లేదు. స్టాండు వేసి తిప్పితే చక్రం వెన్నలా తిరిగింది. నేల మీద దించితే మొరాయించింది.

కదలని బండిని చూస్తే సైకిళ్ల మనిషికి తోచేది ఒక్కటే, ఎక్కడో లోపం ఉందని. అద్దాలాయన ఆ కొత్త గుండుని అనుమానించాడు. మొత్తం విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. డాక్టరు కూడా వంగి చూసి, "నోట్లో ఒక్క పన్నూ కదలడం లేదయ్యా, ఇంకేం చెయ్యను?" అన్నాడు. కదలనప్పుడల్లా అద్దాలాయనకి లోలోపల హాయిగా ఉండేది. ఆ హాయికి సిగ్గేసేది.

ఆఖరికి ఒక ఉదయం అతను చేతులెత్తేశాడు. "నావల్ల కాలేదు వదినా. దీనికి దారి గుర్తులేదు."

వదిన గుడ్డలో సూది గుచ్చి లేచింది. పెరట్లోకి వచ్చి హ్యాండిల్ పట్టుకుని గేటు వైపు తోసింది. కదల్లేదు. వెనక్కి తిరిగి ఇంటి గుమ్మం వైపు చూసింది. తర్వాత హ్యాండిల్ని మెల్లగా ఇంటివైపు తిప్పింది.

తోయక్కర్లేకపోయింది. సైకిల్ తనంతట తనే కదిలి, మెట్టెక్కి, గడప దాటి, ముందు గదిలో మిషను పక్కకి పోయి ఆగింది.

అద్దాలాయన పెరట్లోనే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "వస్తున్నాడు వదినా! అన్న ఇంటికే వస్తున్నాడు!"

వదిన ఏడవలేదు. సీటు మీద చెయ్యి వేసి నిలబడింది.

"గడప తొక్కనని ఆయన అనలేదు అబ్బాయీ," అంది. "నా గడప తొక్కొద్దని నేనే అన్నాను. ఎక్కడికైనా పోయి చావు అన్నాను. చావమన్న మాట విన్నాడు. రావద్దన్న మాటే వినలేదు."

ఆ రోజుతో తిట్లు ఆగిపోయాయి. ఇన్నేళ్లూ పొద్దున్నే ఆమెని లేపి కూర్చోబెట్టింది ఆ కోపమేనని అద్దాలాయనకి అప్పుడు తెలిసింది. మర్నాడు ఆమె పక్క మీంచి లేవలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. వచ్చి చూసిన డాక్టర్లు జబ్బేమీ లేదన్నారు. కుట్టాల్సిన బట్టలు ఎవరివి వాళ్లు వచ్చి పట్టుకుపోయారు. అద్దాలాయన దుకాణం మానేసి గంజి తాగించాడు. రెండు గుక్కలు తాగి మొహం తిప్పుకునేది.

ఒక సాయంత్రం మాత్రం కళ్లు తెరిచి గుమ్మం వైపు చూసింది.

"ఆయన వచ్చేశాడుగా. ఇంకా తలుపు తీసి ఉంచావేం? వేసెయ్యి."

అతను వెళ్లి తలుపు గడియ పెట్టాడు. వెనక్కి వచ్చేసరికి వదిన పోయింది.