వచ్చే ఏడు హంపికి

పెద్దన్న మాస్టారు ఉరవకొండ హైస్కూల్లో తెలుగు చెప్పినన్నాళ్లూ ఏటా పదో తరగతి పిల్లలను హంపికి తీసుకెళ్లేవాడు. ఆ రోజు ఆయన భార్య గంగమ్మ తెల్లారకముందే లేచి, పిల్లలందరికీ సరిపడా చిత్రాన్నం కలిపి బస్సు దాకా మోసుకొచ్చేది. తను మాత్రం ఎన్నడూ బస్సెక్కలేదు. ఒక ఏడు అత్తకు జబ్బు, ఇంకో ఏడు తనకు కాన్పు, మిగతా ఏళ్లు సీట్లు లేవు. "వచ్చే ఏడు పిలుచుకుపోతాలే" అనేవాడాయన. తిరిగొచ్చాక అన్నం తింటూ రాతిరథం గురించీ, మహానవమి దిబ్బ గురించీ చెప్పేవాడు. ఆమె వడ్డిస్తూ వినేది.

ఇప్పుడు ఇద్దరూ మణికొండలో కూతురు తేజస్విని ఫ్లాట్‌లో ఉంటున్నారు. మాస్టారికి మతి తప్పుతోంది. బాత్రూం తలుపు ఎక్కడుందో తెలియదు. కూతురి పేరు ఉగాదికి ముందే మతిలోంచి పోయింది. పద్యాలు మాత్రం పోలేదు. బాల్కనీలో కూర్చుని, ఎదురుగా లేస్తున్న టవర్లను చూస్తూ గొంతెత్తి చదివితే ఒక్క అక్షరం తప్పేది కాదు. అది విన్నప్పుడల్లా గంగమ్మకు, ఈయన లోపలెక్కడో ఉన్నాడు, పిలిచే తీరు తెలిస్తే బయటికొస్తాడు అనిపించేది.

కొత్తగూడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సాహితీ బృందమొకటి హంపి యాత్ర పెట్టిందని తేజస్విని మాటల్లో అనగానే, తమను పంపమని గంగమ్మ పట్టుబట్టింది.

"నాయన అంత దూరం తట్టుకోలేడు మా. ఆడికి పోయి ఏం చూస్తాడు?"

"ఆయన చూసేదేముంది, అంతా చూసినదే. ఆడికి పోతే మాట్లాడతాడు. నాకు తెలుసు."

తేజస్విని ఇద్దరి పేర్లూ రాయించి, బయల్దేరే రోజు వాళ్లిద్దరినీ బస్సెక్కించి ఆఫీసుకు వెళ్లిపోయింది.

యాత్ర నడిపిన వేణు గోదావరి జిల్లా వాడు, ఓపికున్న మనిషి. హంపి చేరాక, "మాస్టారూ, ఇక్కడ మా అందరికంటే మీరే పెద్దలు. ఒక పద్యం చదవండి" అని మైకు ఆయన చేతికిచ్చాడు. అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. 

మొదటి పాదం ఖంగున మోగింది. తరువాత మళ్లీ అదే పాదం. మూడోసారీ అదే. నాలుగోసారికి గొంతు వణికింది. ఆయన మైకు వైపు, అది ఎవరిదో అన్నట్టు చూశాడు. ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

"ఎండ ఎక్కువగా ఉందమ్మా. కాసేపు నీడన కూర్చోబెట్టండి" అన్నాడు వేణు మెల్లగా.

గంగమ్మ మాస్టారిని మహానవమి దిబ్బ పక్కన గోడనీడకు తీసుకెళ్లింది. నీళ్లు తాగించి, కండువాతో మూతి తుడిచింది. ఆయన కాస్త కుదుటపడి, దిబ్బ ఎక్కుతున్న ఉద్యోగులను వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఆయమ్మా, పిల్లోల్లంతా వచ్చినారా? ఒగడన్నా తప్పిపోతే హెడ్మాస్టరు నా ప్రాణం తీస్తాడు."

బడిలో ఆయా అనుకుంటున్నాడు తనను. గంగమ్మ తానూ దిబ్బ మీది వాళ్లను ఒకసారి చూసింది. "అందరూ ఉండారు సార్" అంది.

"మా ఇంటిది కూడా వస్తానంటాది ఏటా. పాపం, తెల్లారకముందే లేసి చిత్రాన్నం చేస్తాది ఇంతమందికీ. వచ్చే ఏడు పిలుచుకొస్తా."

గంగమ్మ ఆయన ముఖంలోకి చూసింది. అన్నేళ్లలో ఆ 'పాపం' అన్న మాట ఆయన నోట ఆమె విననేలేదు. వినాల్సిన మనిషి తనే అని చెబితే ఆయన బెదిరిపోతాడు. చెప్పకుంటే ఆ మాట తనతో అన్నట్టు కాదు.

"పిలుచుకొస్తే మీ ఇంటామెకు ఏం చూపిస్తారు సార్?" అని అడిగింది.

ఆయన నవ్వాడు. చెయ్యి ఎత్తి దేన్నో చూపబోయాడు. అటు రాళ్లు, ఇటు రాళ్లు. ఆ చెయ్యి కొంతసేపు గాలిలోనే ఉండి, తొడ మీద వాలిపోయింది.

"యాడుండాం మనం?" అన్నాడు. "ఇంటికి పోదాం. నాకు భయమైతాంది."

రాతిరథం చూడ్డానికి అందరూ వెళ్లారు. వాళ్లిద్దరూ బస్సులోనే కూర్చున్నారు. గంగమ్మ ఆయన చేతిని తన ఒళ్లో పెట్టుకుని పట్టుకుంటే, ఆయన ఎవరో పరాయి ఆడమనిషి పట్టుకున్నట్టు ఇబ్బందిపడి, మర్యాదగా వెనక్కి తీసుకున్నాడు.

మణికొండకు వచ్చాక తేజస్విని, "ఎట్లుండె మా హంపి?" అని అడిగింది.

"ఎండ" అంది గంగమ్మ. "నాయన మాట్లాడినాడు."

"ఏమన్నాడు?"

గంగమ్మ లోపలికి వెళ్లి ఆయన చొక్కా మార్చింది.

వానాకాలం వచ్చేసరికి పద్యాలు కూడా ఆగిపోయాయి. మొదట్లో గంగమ్మ బాల్కనీలో పక్కన కూర్చుని, తనకు గుర్తున్న ముక్కలు అందించి చూసింది. ఆయన వినేవాడు కూడా కాదు. కొన్నాళ్లకు ఆమె కూడా మానేసింది.