పాశురం దాటి వచ్చిన మాట

కుముదవల్లికి బెంగుళూరులో సీటొచ్చింది. మెదడు గురించి చదివే చదువు. న్యూరోసైన్స్‌లో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ రెండూ కలిపి ఒకేచోట. ఇంటర్వ్యూకి వెళ్లి వచ్చినప్పటినుంచీ ఆ పిల్ల కాళ్లు నేలమీద నిలవడం లేదు. సీటు కావాలో వద్దో ఆ సాయంత్రంలోగా చెప్పాలి. తల్లి గోద మాత్రం తిరుపతిలోనే బయోటెక్నాలజీలో చేరమంటోంది, అదీ కాదనుకుంటే బీఈడీ ఉండనే ఉంది. ఇంట్లో తండ్రి ఇలా ఉంటే పిల్ల ఎక్కడికో పోవడమేమిటని ఆవిడ భయం. కూతురు పట్టు విడవకపోయేసరికి ఒక మెలిక పెట్టింది.

"మీ నాయన్ని నోరు తెరిచి పొమ్మని చెప్పమను. అప్పుడు పో."

అన్యాయమైన మెలిక. ఆ నాయన, సంపత్కుమార్ గారు, మాట్లాడి ఏడాది దాటింది. గుడిలో స్వామి ముందు ఆళ్వార్ల పాశురాలు చదివే కైంకర్యం ఆయనది. పక్షవాతం వచ్చాక చెయ్యి తొందరగానే దారికొచ్చింది, మాట రాలేదు. మంచినీళ్లు కావాలన్నా "అదీ... అదీ" అని చూపించడమే. అయితే గుడిలో గోష్టిలో, తోటివాళ్ల మధ్య కూర్చోబెడితే చాలు, పాశురం మొదటినుంచి చివరిదాకా పొల్లుపోకుండా చదివేస్తారు.

ఇంకేముంది, లోకం మాట మాట్లాడనని ఆయన మౌనవ్రతం పట్టారని గుడిలో తేల్చేశారు. మేనమామ వేదవ్యాస్ ఇంటికొచ్చి బావగారి కాళ్లకు దండం పెట్టి మరీ వెళ్లాడు. స్పీచ్ థెరపీ కూడా మాన్పించాడు, వ్రతభంగమట. భక్తి ముదిరితే చదువుకున్నవాళ్లకు కూడా ఇలాంటివే తోస్తాయి. ఆ మాట నమ్మి నలిగిపోయింది మాత్రం గోద. దేవుడి ముందు పలికే నోరు తన ముందు పలకదేమని ఆవిడ బాధ. పైకి చెప్పుకుంటే భర్త భక్తికి అసూయపడినట్టుంటుందని మింగేసింది.

ఇంటర్వ్యూ కోసం చదువుతున్నప్పుడే కుముదకు సంగతి తెలిసింది. చెప్పబోతే తల్లి వినలేదు. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కంఠతా వచ్చి రాగంతో చదివేది మెదడులో ఒక దారిన వస్తుందని, అప్పటికప్పుడు కూర్చుకుని చెప్పే మాట వేరే దారిన వస్తుందని, నాయనకు దెబ్బ తగిలింది ఆ రెండో దారికేనని వివరించింది.

"నాయన నీతో మాట్లాడకూడదని కాదమ్మా. మాట్లాడలేక ఉండారు."

గోదకు ఏడాదిగా అలిగి, ముఖం చూడకుండా వడ్డించిన అన్నాలన్నీ గుర్తొచ్చాయి. ఆయన మీద జాలేసింది, తన మీదా జాలేసింది.

గోష్టిలో రెండు వరుసలుగా ఎదురెదురు కూర్చుంటారు. ఒక వరుస సగం పాదం అందిస్తే రెండో వరుస మిగతా సగం అందుకుంటుంది. కుముద ఆ పద్ధతిలోనే ఇంట్లో తండ్రి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పాశురం రాగంలోనే "దాహమైతే తాగేది..." అని ఎత్తి ఆగింది. ఆయన తెల్లబోయి చూశారు. విసుక్కోకుండా మళ్లీ మళ్లీ ఎత్తింది. పెదవులు కదిలాయి.

"నీళ్లు" అన్నారు, రాగంలోనే.

ఇక "కుముద బెంగుళూరికి..." అని ఎత్తితే చాలు, "పోవాల" అని దానంతటదే వచ్చేస్తుంది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అలా లాగిన మాట నాయన మాట అవుతుందా? కుముద తల వంచుకుంది.

గోద కూతుర్ని పక్కకు జరగమంది. ఆడవాళ్లు గోష్టిలో కూర్చోరు గానీ, స్తంభం పక్కన నిలబడి ఏళ్ల తరబడి విన్న రాగమే అది. కూతురికున్న మొహమాటం ఆవిడకు లేదు. తన వైపుకే వాల్చి ఎత్తింది.

"కుముద ఈడనే మన తిరుపతిలో..."

మిగిలింది "ఉండాల" అన్న ఒక్క మాట. సంపత్కుమార్ గారు "ఉం" అని మొదలుపెట్టి ఆగిపోయారు. అందిన పాదాన్ని జన్మలో ఎన్నడూ మధ్యలో వదలని మనిషి. మెడ నరాలు బిగిశాయి, నామం చెమటకు తడిసింది. రాగం పోయింది. ముక్కలైన గొంతుతో, మామూలు మనిషి మాట్లాడినట్టు అన్నారు.

"వొద్దు."

ఊపిరి తీసుకుని కూతురి వైపు చెయ్యి చూపించారు.

"పో... పోనీ."

గోద బిత్తరపోయింది. తర్వాత నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. కాపురానికొచ్చినప్పటినుంచీ ఆవిడ ఏదంటే దానికి అడ్డం చెప్పడం ఆయన అలవాటు. ఏడాదిగా ఆ ఇంట్లో ఆవిడ మాటకు ఎదురన్నదే లేదు. ఆ ఎదురులేకపోవడమే ఆవిడను లోపల్లోపల తినేసింది.

"సూసినావా, నా మాటకి అడ్డం చెప్పడం ఇంకా మానలేదు మీ నాయన" అంది కూతురితో, ఆయన నుదుటి చెమట కొంగుతో తుడుస్తూ. "వస్తానని రాసెయ్, పో."