సూర్యుడు లేని పూసల దండ

బెంగళూరు నగర్తపేటలోని ఆ ఇంట్లో మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల్సిందే. మూడంతస్తుల గోడల అడుగున, వెనకవైపు ఒకే ఒక గది. గది ముందు గాలికీ వెలుతురుకూ వదిలిన చిన్న చదరం ఉంది గానీ, పావురాలు గలీజు చేస్తున్నాయని ఓనరు మునినారాయణప్ప మిద్దె మీద దానికి రేకు బిగించేశాడు. అప్పటినుంచి అక్కడ గాలీ లేదు, వెలుతురూ లేదు. ఆయన బట్టల దుకాణం అట్టపెట్టెలు మాత్రం ఉన్నాయి.

నాగలక్ష్మి కూతురు రేణుకకు పదేళ్ళు. పుట్టినప్పటినుంచీ కాళ్ళు పనిచేయవు. చిన్నప్పుడు నాగలక్ష్మి రోజూ చంకనేసుకుని మిద్దె ఎక్కి, పిల్లను కాసేపు ఎండలో కూర్చోబెట్టేది. పిల్ల బరువెక్కింది, తల్లికి నడుం పట్టేసింది. తండ్రి తెల్లవారకముందే మార్కెట్టుకు మూటలు మోయడానికి పోతే చీకటి పడ్డాకే రాక. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఆదివారం అనుకుంటూనే రెండేళ్ళు గడిచిపోయాయి. ఆస్పత్రికి పోయే ఆటోలో తప్ప రేణుక ఎండ ఎరగదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు. రేణుక కూడా అడగలేదు. అడిగి ఏడ్చినా బాగుండేదని నాగలక్ష్మికి ఎన్నోసార్లు అనిపించింది.

బడికి రాలేని పిల్లలకు ఇళ్ళకే వెళ్ళి పాఠం చెప్పే టీచరు హరిణి వారానికొకసారి వచ్చేది. ఆ వారం పాఠం సూర్యకుటుంబం. తల్లీకూతుళ్ళు కూలికి పూసలు గుచ్చుతారు గనక ఇంట్లో పూసలకు కొదవ లేదు. రేణుక చేత ఎనిమిది పూసలు ఏరించి దారానికి గుచ్చించింది హరిణి. మిరియమంత నీలిపూస భూమి. అందులో సగముండే ఎర్రది అంగారకుడు. శని చుట్టూ చమ్కీ బిళ్ళను రేణుకే తొడిగింది. దారాన్ని మంచం మీదుగా కట్టాక, మొదట్లో ఉత్త ముడి ఒకటి మిగిలింది.

"ఈడ సూర్యుడేడి మిస్?"

"భూమి ఇంత పూసైతే సూర్యుడు పెద్ద బిందెంత ఉండాలి. ఈ పేటంతా వెతికినా అంత పూస దొరకదు."

రేణుక నవ్వింది. ఇంటి నంబరు చెప్పినంత మామూలుగా అంది: "ఎట్లయినా మా ఇంటికి ఆయప్ప రాడులే మిస్."

నాగలక్ష్మి చేతిలో సూది ఆగిపోయింది.

హరిణి బయటికొచ్చి రేకువైపు చూసింది. "అక్కా, బెంగళూరులో ఏడాదికి రెండే రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికొస్తాడు. ఈ నెల ఇరవై నాలుగున ఒకటి. మధ్యాహ్నం పన్నెండు గంటల పదిహేడు నిమిషాలకు నిలబెట్టిన వస్తువుకు నీడ పక్కకు పడదు. ఆ రేకు లేకపోతే ఎండ నేరుగా ఇక్కడికే దిగుతుంది."

పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నా, కొళాయి పాడైనా ఓనరును నోరు తెరిచి అడిగిన మనిషి కాదు నాగలక్ష్మి. ఆ సాయంత్రం వెళ్ళి ఆయన దుకాణం ముందు నిలబడింది.

"రేకు తీయాల్నా? ఏప్రిల్ నెల ఎండను ఇంట్లోకి పిలిచేదానివి ఊరంతటికీ నువ్వొకతెవే ఉండావు!" అన్నాడు మునినారాయణప్ప. "సూర్యుడు దిగితే బాడుగెవరిస్తారమ్మా, నువ్వా, ఆయప్పా?"

దుకాణంలో ఉన్నవాళ్ళు నవ్వారు.

"ఒక్క గంట అప్పా."

"పావురాలు దూరితే? నా మాలు పాడైతే?"

"పెట్టెలు నేనే జరుపుతా. రేకు నేనే పట్టుకొని నిలబడతా, నేనే మూస్తా. రెండేండ్లాయె అప్పా, పాప ఎండ మొగం చూసి. నేనే తీసుకుపోలేదు."

ఆ చివరి మాట మొగుడితో కూడా ఎన్నడూ అనలేదు. మునినారాయణప్ప మడుస్తున్న గుడ్డను చేతిలోనే ఉంచుకుని ఆమెను చూశాడు.

"మా అమ్మ ఆడనే సండిగలు, వడియాలు ఎండబెడతా ఉండె," అన్నాడు చివరికి. "ఒక పక్క బోల్టులు తీపిస్తా. బిరీన మూసేయాల, తెలిసిందా?"

ఇరవై నాలుగున, బడికి సెలవులైనా హరిణి పదకొండున్నరకే వచ్చింది. పెట్టెలు జరిపి, మంచాన్ని చదరంలోకి లాగారు. పక్కనే స్టూలు మీద స్టీలు గ్లాసు బోర్లించింది హరిణి. "పైకి మాత్రం చూడొద్దు రేణుకా, కళ్ళు పాడవుతాయి. గ్లాసునే చూడు."

నాగలక్ష్మి మిద్దెక్కింది. రేకు పెనంలా కాలుతోంది. కొంగు చేతులకు చుట్టుకుని ఎత్తి, తలుపులా నిలబెట్టి, భుజం ఆనించి పట్టుకుంది. ఆమె నీడ కాళ్ళకిందే ముడుచుకుని ఉంది. తొంగి చూస్తే ఎంతో లోతున మంచం. అంత ఎత్తునుంచి బిడ్డ ముఖం ఆనలేదు. ఎండలో మెరిసే రెండు అరచేతులు మాత్రం కనిపించాయి. రేణుక వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది.

"అమ్మా! గ్లాసు నీడ పోయిందే!"

మెట్ల దగ్గరినుంచి మునినారాయణప్ప కేకేశాడు: "అయ్యిందామ్మా?"

"ఇంకో రెండు నిమిషాలప్పా."

రెండు పదయ్యాయి. నడుం విరిగిపోతోంది. అయినా వెలుగు మంచం దాటి తూర్పు గోడ ఎక్కేదాకా నాగలక్ష్మి రేకు దించలేదు.

కిందికొచ్చి మంచం పక్కన కూలబడింది. "వచ్చినాడా ఆయప్ప మనింటికి?"

రేణుక తల అడ్డంగా ఊపింది. "ఆయప్ప యాడికీ రాలేదమ్మా. ఉన్న చోటే ఉండాడు. భూమి తిరుగుతాది గదా, మనమే ఆయప్ప కిందికి పోయినాము."

"నువ్వు గూడానా?"

"నేను గూడా. మంచంతో సహా."

హరిణి అటు తిరిగి గ్లాసు తీసింది. నాగలక్ష్మి కూతురి పాదాలు పట్టుకుంది. ఎప్పుడూ చల్లగా ఉండే పాదాలు వెచ్చగా తగిలాయి.

"ఆగస్టు పద్దెనిమిదిన మళ్ళీ పోతామంట, మిస్ చెప్పింది," అంది రేణుక.

"అందాకా ఎందుకు? ఎల్లుండి ఆదివారం. నాయన ఇంట్లోనే ఉంటాడు. ఇద్దరం పట్టుకొని నిన్ను మిద్దెకెక్కిస్తాం."

రేణుక తల్లి ముఖంలోకి చూసింది. "మళ్ళ మర్చిపోవు గదా?"

రెండేళ్ళలో పిల్ల ఎండ సంగతి అడగడం అదే మొదలు.

"మర్చిపోతే నువ్వడగాల," అంది నాగలక్ష్మి. "గట్టిగా అడగాల."