పదిహేడో నంబరు

ఠప్పుమని ఒక చప్పుడు. ఆ వెనకే మరొకటి.

శ్యామసుందరి వంటింట్లో కళ్లు మూసుకుని లెక్కపెడుతోంది. కిటికీకి తెర వేసి ఉంది. తెర తీసి చూడడానికి ఆమెకు మనసొప్పడం లేదు. పెరటి కంచెకు పాత పరుపు ఆనించి, దాని మీద సుద్దతో ఒక చతురస్రం గీసి, చలికాలమంతా ఆమె భర్త రోజూ పొద్దున్నే ముప్పై బంతులు విసిరాడు. బంతికీ బంతికీ మధ్య ఆమె అంకెలు లెక్కపెట్టేది. జూలైలో ఏడు. ఆగస్టులో తొమ్మిది. ఇవాళ, సెప్టెంబరు చివరి శనివారం, పదిహేను దాకా వచ్చినా తరవాతి చప్పుడు లేదు. వచ్చినది కూడా పరుపు నడుమ మోగలేదు. అంచు దాటి కంచె చెక్కకు తగిలి కర్కశంగా పలికింది. ఆ వెంటనే ఇంకొకటి వినిపించింది, చాలా చిన్నది. మనిషి పళ్ల సందుల్లోంచి పీల్చిన గాలి.

ఇరవై రెండో బంతి దగ్గర చప్పుళ్లు ఆగిపోయాయి.

అతను ఎడమ చేత్తో తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

"ముప్పయ్యీ అయ్యాయా అండీ?"

"అయ్యాయి."

అబద్ధమని ఇద్దరికీ తెలుసు. కర్పూరం కలిపిన కొబ్బరినూనె వాసన గది నిండా పరుచుకుంది.

కాన్‌బెర్రాకు ఉత్తరాన, గొర్రెల బీళ్లను చదును చేసి కడుతున్న గంగాలిన్‌లో వాళ్లది చివరి వీధి. ప్రభుత్వపు పింఛను కంప్యూటరు ప్రోగ్రాములలో రెండంకెల ఏళ్లను నాలుగంకెలుగా మార్చే పనికి అతను వచ్చి ఏడాదిన్నరయింది. రెండువేల సంవత్సరం పుట్టగానే ఏమి కూలిపోతుందోనని ఆఫీసులో అందరూ బిక్కుబిక్కుమంటున్నారు. ఏమీ కూలకపోతే ఆ మర్నాటి నుంచి అతనితో ఎవరికీ పని ఉండదు.

బాపట్ల ఇంజినీరింగు కాలేజీలో అతను ఫాస్టు బౌలరు. వచ్చిన కొత్తలో, మైదానం పక్కన నడుస్తుంటే కంచె దాటి పడిన ఒక బేస్‌బాల్‌ను తీసి, అక్కణ్ణుంచే తిరిగి విసిరాడు. అది మైదానమంతా దాటి, అవతల కీపరు చేతి తొడుగులో పడింది. క్లబ్బు ప్రెసిడెంటు మెర్వ్ అనే ముసలాయన ఇంటిదాకా వెంటబడి వచ్చాడు. పేరడిగి, నోరు తిరగక, మొదటి ముక్క విరిచి 'లక్కీ' అన్నాడు. పదిహేడో నంబరు చొక్కా చేతిలో పెట్టాడు. గంగాలిన్ కాకటూస్ అనే ఆ జట్టుకు అతను పిచరయ్యాడు. పిచరంటే బౌలరు లాంటివాడే. మోచెయ్యి వంచి విసురుతాడు, అంతే తేడా. వంచకూడదని పదేళ్లపాటు నేర్చిన చేతిని, రోజుకు ముప్పైసార్లు, నలభైసార్లు వంచాడు.

శ్యామసుందరి చేతిరాత ముత్యాల్లా ఉంటుందని స్కోరు పుస్తకం ఆమెకిచ్చారు. దానితోపాటు మైకు కూడా ఇచ్చారు. అదే ఆమెకు చిక్కు. భర్త పేరు ఆమె ఏనాడూ నోటితో పలకలేదు. పలికితే ఆయన ఆయుష్షులో ఒక రోజు తరుగుతుందని రేపల్లెలో అమ్మమ్మ చెప్పేది. నమ్ముతున్నావా అంటే లేదనే చెబుతుంది. పలకమంటే మాత్రం పెదవి కదలదు. ఫోను కంపెనీ వాళ్లు అడిగినప్పుడు పదిహేను ఇంగ్లీషు అక్షరాలనూ ఒక్కొక్కటిగా చెప్పి గట్టెక్కింది. మైదానంలో అతను 'పదిహేడో నంబరు'. జనం నవ్వుకున్నారు, అలవాటు పడ్డారు.

కిందటి సోమవారం రాత్రి భోజనం దగ్గర అతను స్పూను అడిగాడు.

"పెరుగన్నానికి స్పూనేమిటండీ?"

"ఆస్ట్రేలియాలో ఉంటున్నాం కదా, నాగరికత నేర్చుకుంటున్నా."

ఆమె కూడా నవ్వింది. మంగళవారం ఆ స్పూను ఎడమ చేతిలోకి మారింది. బుధవారం చొక్కా గుండీలు ఆమెనే పెట్టమన్నాడు. గురువారం ఆమె కంచంలో అన్నం వడ్డించి, స్పూను దాచేసి, ఎదురుగా కూర్చుంది. అతను కుడి చేత్తో కలపబోయాడు. అన్నం వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. చిటికెన వేలూ, ఉంగరపు వేలూ పక్కన అంటించినట్టు కదలక ఉండిపోయాయి.

అప్పుడు చెప్పాడు. మోచేతి దగ్గర నరం నలిగిందట. డాక్టరు స్కాన్ రాశాడట. అది తీసేదాకా ఒక్క బంతి కూడా విసరవద్దన్నాడట. విసిరితే ఆ వేళ్లకు మళ్లీ స్పర్శ రాకపోవచ్చునట.

"నెక్స్ట్ సాటర్డే ఫస్ట్ మ్యాచ్. ఆ ఒక్కటీ ఆడి మానేస్తా, శ్యామా. ఎవరితోనూ అనకు. ఆఫీసులో ముప్పైమందిమి వరసగా కూర్చుంటాం, మేనేజరుకి మా మొహాలే గుర్తుండవు. అక్కడ మెర్వ్ నన్ను చూడగానే లేచి నిలబడతాడు."

ఆమె లేచి, దాచిన స్పూను తెచ్చి అతని కంచంలో పెట్టింది. దాన్ని అతను మాటిచ్చినట్టే తీసుకున్నాడు.

ఆ శనివారం మధ్యాహ్నం, మొదటి మ్యాచికి ఇంకా వారం ఉండగా, జట్టు పేర్లు వినడానికి మైదానం దగ్గర జనం పోగయ్యారు. మ్యాగ్‌పై పిట్టలు గూళ్లు కట్టే కాలం. చెట్టు కిందికెళ్తే నెత్తిన పొడుస్తాయి. అందుకని సగంమంది ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలకు వెనకవైపు పెద్ద పెద్ద కళ్లు గీసి తలకు బోర్లించుకున్నారు. ఎటు చూసినా రెప్ప వేయని కళ్లు. వాటన్నింటికీ తన రహస్యం తెలుసేమో అనిపించింది శ్యామసుందరికి.

"ఏవమ్మా, మన పిల్లోడు ఈ ఏడైనా గెలిపిత్తాడా?" సరుకుల కొట్టు సుబ్బరాజు డబ్బా సర్దుకుంటూ వచ్చాడు. ఆయనది భీమవరం. "కొట్టు మూసుకొచ్చానాయ్! ఆటేంటో నాకు ముక్క తెలీదనుకో. మనోడు ఇసిరితే అవతలోళ్ల మొహాలు మాడిపోతాయి, అది చాలు."

"మీకూ డబ్బా తప్పలేదా అంకుల్?"

"ఎనకాల కళ్లుంటే పిట్ట పొడవదంట. నిజవే, మీ ఆంటీని ఒక్కసారీ పొడవలేదు." పకపకా నవ్వాడు. "మైకులో ఈసారైనా మొగుడి పేరు సెప్తావా, పదిహేడేనా?"

"పదిహేడే."

"మరి పూజలో ఆ పేరున్న దేవుణ్ణెలా పిలుత్తావ్?"

"మనసులో, అంకుల్."

బార్బీ పొయ్యి దగ్గర మెర్వ్ ఎడమ చేత్తో సాసేజీలు తిప్పుతున్నాడు. ఆయన కుడి చెయ్యి చెవి దాటి పైకి లేవదు. ఇరవై రెండేళ్ల వయసులో, నొప్పి దాచుకుని ఒకే ఒక్క మ్యాచి ఆడాడట. అందుకే క్లబ్బులో ఆయన ఒక నియమం పెట్టాడు. సీజనుకు వారం ముందు స్కోరరు రెండు జాబితాలు చదవాలి: ఆడేవాళ్లది, విశ్రాంతి తీసుకునేవాళ్లది. విశ్రాంతి జాబితాలో చదివిన మనిషి, డాక్టరు ఉత్తరం తెచ్చేదాకా మైదానంలో అడుగు పెట్టడానికి లేదు. ప్రెసిడెంటు కాళ్లావేళ్లా పడినా లేదు. చొక్కాలు చేతులు మారతాయి కనక ఆ రెండో జాబితాలో నంబర్లు చెల్లవు. నోరారా పేరు పలకాలి.

"లీగ్ నుంచి లెటరొచ్చింది, లవ్," అన్నాడు మెర్వ్, ఆడవాళ్లందరినీ పిలిచినట్టే, తన ముక్కు ఇంగ్లీషులో. "ఈ ఏడు కూడా అడుగున మిగిలితే మనల్ని కింది గ్రేడుకు దించేస్తారట. తొమ్మిదేళ్లుగా అడుగునే ఉన్నాం. దించనీ చూద్దాం! మనకు లక్కీ ఉన్నాడుగా." ఆయన కళ్లు తడిగా మెరిశాయి. "ఇంకో సీజను చూస్తానో లేదో. ఇది మాత్రం చూసి పోతా."

ఆమె మైకు దగ్గరికి నడిచింది. కాళ్ల కింద గడ్డి ఎండలో కూడా చల్లగా ఉంది. భర్త జట్టు మధ్యలో నిలబడి ఉన్నాడు. టోపీ, కొత్త చొక్కా, నవ్వు. కుడి చెయ్యి మాత్రం ప్యాంటు జేబులో.

మొదటి కాగితం చదివింది. ఒక్కో పేరుకూ చప్పట్లు. ఎనిమిది పేర్లయ్యాయి. తొమ్మిదోది రావలసినచోట ఆమె ఆగి, కాగితం మడిచింది.

"పదిహేడేదమ్మా?" సుబ్బరాజు కేక పెట్టాడు.

"చివరికి దాచిపెట్టింది, తెలివైనది!" అన్నారెవరో. నవ్వులు. ఎవరో ఐస్‌క్రీం డబ్బా మీద దరువు మొదలుపెట్టారు. లక్కీ, లక్కీ, లక్కీ. దరువు చేతి నుంచి చేతికి పాకి, మైదానమంతా ఒకే గుండెలా కొట్టుకోసాగింది.

ఆమె రెండో కాగితం విప్పింది. అందులో ఇద్దరి పేర్లు టైపు చేసి ఉన్నాయి. ఒకరికి చీలమండ బెణికింది, జట్టులోని ఒకావిడకు కాన్పు దగ్గరపడింది. రెండూ చదివింది. ఆ ఇద్దరి కింద కాగితం ఖాళీ. పొద్దున వంటింట్లో పెన్సిలు పట్టుకుని చాలాసేపు నిలబడింది కానీ, రాయలేకపోయింది. రాస్తే అది కాగితమే అవుతుంది. ఇక్కడ కాగితం చెల్లదు.

దరువు సన్నగిల్లింది. మైకు సన్నగా కూసి ఊరుకుంది.

అతను తలెత్తాడు. ఆమె ముఖంలో ఏం చూశాడో, నవ్వు ఆరిపోయింది. వద్దు అన్నట్టు, ఎవరికీ కనబడనంత మెల్లగా, తల అడ్డంగా ఊపాడు. జేబులోంచి కుడి చెయ్యి తీసి చూపించబోయాడు, బాగానే ఉందన్నట్టు. మూడు వేళ్లు విప్పుకున్నాయి. రెండు విప్పుకోలేదు.

బార్బీ దగ్గర మెర్వ్ ఆ చేతిని చూశాడు. ఎడమ చేతిలోని పట్టకారు మెల్లగా కిందికి దించాడు.

చెట్టు మీంచి మ్యాగ్‌పై ఒకటి లేచి, జనం తలల మీదుగా, గీసిన కళ్లన్నిటి మీదుగా నీడలా సాగిపోయింది. ఆమెకు అమ్మమ్మ మాట వినిపించింది. ఒక్క రోజు తరుగుతుంది. ఆయన ఆయుష్షులోంచి ఒక్క రోజు. ఏ రోజో అమ్మమ్మ చెప్పలేదు. అది వచ్చే శనివారమే అయితే, తరిగిపోనీ అనుకుంది.

పెదవులు రెండుసార్లు విడివడి, రెండుసార్లు మూసుకున్నాయి. మైకును రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకోకుండా, అతని కళ్లలోకే చూస్తూ ఆమె పలికింది.

"లక్ష్మీనారాయణ."