ఆనపపాదు కింది బండి

ముసలమ్మ పెరట్లో ఆ పికప్ బండిని మొదటిసారి చూసినప్పుడు దాని మీద ఎనిమిది ఆనపకాయలున్నాయి. పాదు బానెట్ మీదుగా పాకి, పగిలిన అద్దంలోంచి లోపలికి దూరి, స్టీరింగును ఓ చుట్టు చుట్టి, అవతలి కిటికీలోంచి బయటికొచ్చింది.

"బండి ఇత్తాను గానీ బాబూ, కాయలు దిగేదాకా కదపనివ్వను" అందామె.

ముసలమ్మ అన్నది పుట్టినప్పుడు పెట్టిన పేరే. ఇప్పుడు డెబ్బై దాటాయి. భీమిలి దగ్గర ఎండుచేపల వ్యాపారం. ఆమె భర్త ఇరవై ఏళ్లు ఆ బండి మీద సరుకు తగరపువలస బజారుకి తోలాడు. ఆయన పోయాక ఏడేళ్లుగా అది అక్కడే ఉండిపోయింది. నేను ఉక్కు ఫ్యాక్టరీ ప్రయోగశాలలో ముప్పై మూడేళ్లు కెమిస్టుగా చేసి రిటైరయ్యాను. ఆ మరుసటేడు నా భార్య రోజారమణి పోయింది. రెండు గదుల ఇంట్లో రోజుకి ఇరవై నాలుగు గంటలు ఎందుకుంటాయో అర్థం కాని కాలంలో ఆ బండి నా కంటపడింది.

కాయలు దిగాక ఆమె రెండు షరతులు పెట్టింది.

"తుక్కోడికి అమ్మకూడదు. రోడ్డెక్కినాక నన్ను ముందు సీట్లో కూకోబెట్టి తగరపువలస తీసుకెల్లాల."

ఇంజను తిరుగుతుందో లేదో చూడకుండానే మాటిచ్చేశాను.

బండిని కూర్మన్నపాలెంలో మా ఇంటి పక్క ఖాళీ జాగాలో పెట్టించాను. షెడ్డు మూసేసి ఇంటిపట్టున విసుగెత్తిపోతున్న పాత మెకానిక్ గవర్రాజు సాయంత్రాలు వచ్చేవాడు. అతనికి లోకమంతా బావే. పద్నాలుగు నెలలు పట్టింది. రోజుకి ఒక బోల్టు వదిలినా ఆ రోజు మంచి రోజే. సాయంత్రం నాలుగింటికి సముద్రం మీంచి గాలి మళ్లేది. బండి కింద వెల్లకిలా పడుకున్న వాడికి ఆ గాలి ముందు కాళ్లకి తెలుస్తుంది. అంతకు మించిన సుఖం నాకు తెలీదు.

చేపల వాసన మాత్రం లొంగలేదు. సబ్బు, సోడా, నిమ్మతొక్కలు, ఫినాయిలు అన్నీ అయ్యాయి. వీధిలో పిల్లులన్నీ వెనక తొట్టిలోనే కాపురం పెట్టాయి.

"రంగేసినాక పోతాదిలే బావా" అనేవాడు గవర్రాజు. రంగు వేశాం. పిల్లులు రంగు ఆరేదాకా ఆగి, మళ్లీ వచ్చాయి.

ఇంజను మొదటిసారి పలికిన రోజున గవర్రాజు రేడియేటరుకి దణ్ణం పెట్టాడు. ఇక కాగితాలే మిగిలాయి. రిజిస్ట్రేషన్ పునరుద్ధరించాలంటే తనిఖీ అధికారి బండి చూడాలి. దానికి ముందు బండి అడుగు చట్రం, అంటే చాసిస్ మీద కొట్టిన నంబరుకి పెన్సిల్ ప్రింటు తీసి దరఖాస్తుకి అంటించాలి. అంకెల మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అవి కాగితంలోకి వస్తాయి.

గవర్రాజు ముందు చక్రం దగ్గర దూరి చాలాసేపు రుద్దాడు. బయటికొచ్చి కాగితం నా ముఖం ముందు పెట్టాడు. అంతా ఒకటే నలుపు.

"ఏటి బావా ఇది? ఒక్క అంకె నేదు."

"సరిగ్గా పెట్టలేదేమో."

"నలబై ఏల్లుగా రుద్దుతన్నాను నాను. ఇక్కడ నువ్వేటి సేసీసినావు?"

"తుప్పు తీశాను."

ఆ మాట అంటూండగానే నాకు అర్థమైంది. ప్రయోగశాలకి ఏ ఉక్కుముక్క వచ్చినా ముందు గ్రైండర్ పట్టి, తర్వాత గరుకు కాగితాలతో అద్దంలా చేసేవాళ్లం. అద్దంలా కాని ముక్కని పరీక్షకి పెట్టడం మాకు చిన్నతనం. ఆ చాసిస్ కమ్మీ మీద తుప్పు మందంగా ఉండటంతో, ఓ శనివారమంతా కూర్చుని నా ముఖం నాకు కనబడేదాకా రుద్దాను. అక్కడ ఏదైనా రాసి ఉంటుందేమోనని తోచలేదు. మా ముక్కల మీద ఏమీ రాసి ఉండేది కాదు.

"దొంగబండ్లకే ఇలాగ సేత్తారు బావా" అని గవర్రాజు నెత్తి పట్టుకున్నాడు. "నంబరు నేని బండికి కాయితాలివ్వరు. తుక్కుకే."

అంతలోనే గొంతు తగ్గించాడు. "నా దగ్గర అంకెల పంచ్ సెట్టున్నాది. బండి పుస్తకంలో నంబరు సూసి కొట్టీత్తాను. ఎవడికి తెలుత్తాది?"

"మనకి తెలుస్తుందిగా."

"మనం ఎవులికీ సెప్పం గదా!"

నాకు నవ్వొచ్చింది గానీ ఒప్పుకోలేదు. పైగా ఒక ఆశ ఉంది. పంచ్ కొట్టినప్పుడు ఉక్కు పైన గాడి పడటమే కాదు, ఆ అడుగున కూడా నలిగిపోతుంది. గాడి అరిగిపోయినా నలిగింది నలిగినట్టే ఉంటుంది. సరైన యాసిడ్ తగిలితే మిగతా ఉక్కుకీ దానికీ రంగులో తేడా వస్తుంది. నేను మరీ లోతుగా తీసెయ్యకుండా ఉంటేనే ఇదంతా.

ఇంట్లో ముందుగా చేసి చూసుకోవచ్చు. కానీ ఆ అంకెలు నేనే గీసి తెచ్చానని అధికారులు అంటే? అందుకని ముందు తనిఖీ అధికారి దగ్గరికే వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. సత్యశ్రీ అని, ముప్పై దాటని అమ్మాయి.

"నంబరు చెరిపేసిన వాళ్లు మా దగ్గరికి రారు సార్" అంది ఆశ్చర్యంగా. "పారిపోతారు."

"మీ కళ్ల ముందే యాసిడ్ పెట్టి చూపిస్తానమ్మా."

ఆమె పెన్ను ఆగింది. "ఎచింగా? మా ఇంజనీరింగ్ కాలేజీలో ఆ ప్రాక్టికల్ రోజున యాసిడ్ లేదన్నారు. రికార్డులో మాత్రం బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాం." తర్వాత ముఖం గంభీరంగా పెట్టుకుంది. "గురువారం బండి తెండి. కనబడితే ఫొటో తీసుకుని, మళ్లీ కొట్టించడానికి రాసిస్తాను. కనబడకపోతే బండి ఇక్కడే ఉండిపోతుంది. తర్వాత తుక్కుకే. ముందే చెప్తున్నాను."

కాలేజీలకి సామాన్లు అమ్మే కొట్లో యాసిడూ రాగి లవణమూ దొరికాయి. పూయడానికి నూనె తగలని మెత్తటి దూది కావాలి. గవర్రాజు తెచ్చిన దూదిలో దూది కంటే గ్రీజు ఎక్కువ. అప్పుడు దేవుడి అరలో బిస్కెట్ డబ్బా గుర్తొచ్చింది. రోజారమణి వత్తుల కోసం గింజ తీసి, ఏకి, కుక్కి పెట్టుకున్న పత్తి. ఇన్నాళ్లూ మూత తియ్యలేదు. తీస్తే నిన్న పెట్టినంత తెల్లగా ఉంది.

కాగితాల్లేని బండిని రోడ్డు మీద నడపకూడదు కాబట్టి గురువారం తాడు కట్టి లాక్కెళ్లేసరికి తనిఖీ మైదానం గేటు దగ్గర ముసలమ్మ నిలబడి ఉంది. కొత్త చీర, చేతిలో ఖాళీ బుట్ట.

"బండి రోడ్డెక్కుతాదని గవర్రాజు ఫోన్ సేసినాడు బాబూ!"

గవర్రాజు ఆకాశంలోకి చూశాడు.

నేను చేతులకి తొడుగులు వేసుకుని చక్రం పక్కన కూర్చున్నాను. సత్యశ్రీ మోకాళ్ల మీద వంగింది. తనిఖీకి వచ్చిన ఆటోవాళ్లు చుట్టూ చేరారు. పచ్చటి ద్రావకంలో పత్తి ముంచి మెల్లగా తుడిచాను. మెరుపు పోయి ఉక్కు బూడిదరంగుకి తిరిగింది. ఇంకేమీ లేదు. రెండోసారి. లేదు.

"తాతా, ఇంకా రుద్దితే నంబరు కాదు, సిల్లు పడతాది!" అన్నాడొక ఆటో అతను.

"నువ్వు నోర్ముయ్యరా" అంది ముసలమ్మ. తర్వాత నా వైపు వంగి, "తుక్కుకి ఎల్లిపోద్దేటి బాబూ?" అని చిన్నగా అడిగింది.

మూడోసారి తుడిచాను. నాలుగోసారి. డబ్బాలో పత్తి సగం అయిపోయింది.

ఐదోసారికి, ఊపిరి తగిలిన అద్దం మీద వేలితో రాసినట్టు ఒక అక్షరం తేలింది. దాని పక్కన ఇంకొకటి. వెనక ఎవరో ఈల వేశారు. సత్యశ్రీ పుస్తకం తెరిచి ఒక్కొక్కటీ గట్టిగా చదువుతోంది, ఆటోవాళ్లు వంత పాడుతున్నారు. చివరి అంకె దగ్గర అందరూ ఆగారు.

"ఎనిమిది" అన్నాడు ఈల వేసినవాడు.

పుస్తకంలో మూడు ఉంది.

"తొందరపడకండి" అన్నాను, నాకే చెప్పుకున్నట్టు. పత్తి కొత్తగా తీసి, ముంచి, ఒకే ఒక్కసారి ఆ చోట అద్దాను. మరక కరిగి ఎడమవైపు తెరుచుకుంది.

"మూడు!" సత్యశ్రీ అధికారిణినని మరిచిపోయి చప్పట్లు కొట్టింది. వెంటనే సర్దుకుని ఫొటోలు తీసింది.

గవర్రాజు ఆగలేక కాగితం పెట్టి పెన్సిల్ రుద్దాడు. మళ్లీ అంతా నలుపే. "కనబడతాది గానీ సేతికి దొరకదు బావా" అన్నాడు.

"అవును" అన్నాను. డబ్బా మూత జాగ్రత్తగా పెట్టాను. ఇంకా కొంచెం పత్తి ఉంది.

అనుమతితో నంబరు మళ్లీ కొట్టించి, కాగితాలు చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ ఆదివారం పొద్దున్నే ముసలమ్మ మా ఇంటికే వచ్చేసింది. ఆమెని ముందు సీట్లో కూర్చోబెట్టాను. మధ్యలో గవర్రాజు. ఆమె తలుపు వేసుకుని, గట్టిగా గాలి పీల్చి, ముఖం చిన్నబుచ్చుకుంది.

"అంతా మందు కంపు. సేపల వోసన తీసీసినావేటి బాబూ?"

పద్నాలుగు నెలల ఫినాయిలు కష్టాన్ని ఇలా మెచ్చుకున్న వాళ్లు లేరు. బండి కదిలించాను. ఆనందపురం దాటాక ఎండ ముదిరింది. ఇంజను వేడి కాళ్ల కింద రేకుకి ఎక్కి, పాత చేపల వాసన మెల్లగా లేచింది. ముసలమ్మ ముక్కు ఎగరేసింది. మళ్లీ పీల్చింది. వెనక్కి వాలి, కాళ్లు చాపుకుని, తగరపువలస దాకా నోరు మూయకుండా వాళ్లాయన గేర్లు మార్చలేక తిట్లు తిన్న కథలన్నీ చెప్పింది.

బజార్లో ఆమె రెండు బుట్టల ఎండుచేపలు బేరమాడి, నన్నడక్కుండానే తొట్టిలోకి ఎత్తించింది. ఆమెని, బుట్టల్ని దింపి నేను కూర్మన్నపాలెం చేరేసరికి మా గేటు దగ్గర ఆరు పిల్లులు వరసగా కూర్చుని ఉన్నాయి.