అక్క నడుము

నాకు రక్తక్యాన్సర్. మందులతో తగ్గింది. మళ్లీ రాకుండా ఉండాలంటే ఇంట్లోవాళ్ల రక్తంలోంచి మూలకణాలు తీసి నాకు ఎక్కించాలని బెంగళూరు డాక్టరమ్మ చెప్పింది. అందరికీ పరీక్షలు చేస్తే పద్మప్రియక్కవే సరిపోయాయి. మాఘంలో అక్క పెళ్లి. అంతకుముందే, కార్తీకంలో ఆ పని కానిద్దామన్నాడు నాయన.

ఈలోగా అక్క అత్తగారివాళ్లు మా ఊరు కంబదూరుకు వచ్చి ఒక వడ్డాణం ఇచ్చిపోయారు. వాళ్ల ముత్తవ్వ నాటి ఆ వడ్డాణాన్ని ఆ ఇంటి ప్రతి కోడలూ పీటల మీద పెట్టుకోవాలట. దాన్ని సాగదీయడానికని కంసాలి చెయ్యి తగలకూడదట. మా అవ్వ తలుపు వేసి అక్క నడుముకు పెట్టి చూసింది. అక్క ఊపిరి బిగబట్టినా కొసలు కలవలేదు.

"ఆయమ్మ కరువులో పుట్టింది. నువ్వు మీ నాయన సర్పంచి అయినంక పుట్టినావు" అని అవ్వ నవ్వింది.

అక్క అన్నం మానేసింది. అయినా చిక్కలేదు. దసరా అయ్యాక చీరలకని అమ్మతో బెంగళూరు పోయింది. తిరిగి వచ్చినప్పుడు కారు దిగలేకపోయింది. నడుముకు బిగుతుగా పట్టీ. ఆపరేషన్ చేసి పొట్ట మీది కొవ్వు లాగేశారని అమ్మ మెల్లగా చెప్పింది. దీనివల్ల నా వైద్యానికి ఏమైనా అవుతుందేమోనని అడిగాను. అవ్వ బదులిచ్చింది.

"తీసింది కొవ్వు గదమ్మే, నెత్తురు కాదు. నెత్తురు అట్లనే ఉండాది."

అందరూ అదే నమ్మారు. డాక్టరమ్మకు ఎవరూ చెప్పలేదు.

కార్తీకంలో ఆసుపత్రికి పోయాం. అక్క పొట్ట మీద కమిలిన నల్లమచ్చలు డాక్టరమ్మ కంటపడ్డాయి. కొవ్వులోనూ అలాంటి కణాలుంటాయనీ, దాన్ని తీశాక రక్తంలో తిరిగే కణాలు పెరుగుతాయో తగ్గుతాయో తనకు కూడా సరిగా తెలియదనీ అంది. అక్కకు రక్తం కూడా తగ్గింది. గాయాలు మానేవరకు కణాలు తీయనంది.

"పెండ్లి అయినంక తీయొచ్చునా మేడం?" అని నాయన అడిగాడు.

ఆమె నన్ను చూసింది. అంతవరకూ రోగం ఆగుతుందని తాను మాట ఇవ్వలేనంది.

బయట బెంచీ మీద అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు కొన్నాళ్లు ఓర్చుకోలేవా, పాపా?"

ఓర్చుకుంటానని తల ఊపాను.

గాయాలు ముందే మానినా, పెళ్లికూతురికి సూదులేమిటని పుష్యమంతా ఎవరూ ఆసుపత్రి ఊసెత్తలేదు. పెళ్లికి గుంపులో నన్ను ఉండనివ్వలేదు. మిద్దె మీది గదిలో మాస్కు పెట్టుకుని మేళం విన్నాను. మరుసటి వారం జ్వరం వచ్చింది. రోగం తిరగబెట్టిందని పరీక్షలో తేలింది.

అక్క, బావ శ్రీకాంత్ నేరుగా ఆసుపత్రికి వచ్చారు. ఇప్పుడు తీసుకోండని అక్క చెయ్యి చాపింది. రోగం తిరగబెట్టాక ఇప్పుడు ఎక్కించినా నిలవదనీ, మళ్లీ మొదటినుంచి మందులు పెడితే నా ఒళ్లు తట్టుకోదనీ డాక్టరమ్మ చెప్పింది. అక్క చెయ్యి అట్లాగే చాపి ఉంది.

"పోనీలే, నీకు సూదిపోటు తప్పింది" అంది అవ్వ అక్కతో. "పాండి. మీ అత్త ఎదురు చూస్తాంటాది."

అక్క చెయ్యి దించుకుంది. పోయేటప్పుడు నావైపు చూడలేదు.