పొయ్యి ఆరకుండా

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలెవరూ సమ్మె నోటీసు ఇచ్చి చూసి ఉండరు. ఇచ్చి ఉంటే ఆ సామెత ఇంకొంచెం పొడుగ్గా ఉండేది.

మా గాజు సీసాల ఫ్యాక్టరీ యూనియన్‌కి నేను సెక్రటరీని. వరసగా వచ్చే సీసాలను వెలుతురు ముందు చూసి, బుడగలూ పగుళ్లూ ఉన్నవాటిని ఏరి పక్కన పెట్టడం నా ఉద్యోగం. చట్టాన్ని కూడా అదే కంటితో చూశాను. ముందుగా నోటీసు ఇవ్వాలన్నారు, ఇచ్చాను. ఓటు రహస్యంగా వేయించాలన్నారు, క్యాంటీన్‌లో ఓ మూల పరదా కట్టి వేయించాను. రాజీ చర్చలు నడిచినంతకాలం పని ఆపకూడదన్నారు, అవి విఫలమయ్యాయని లేబర్ ఆఫీసరు రాసిచ్చేదాకా పళ్లు బిగబట్టుకుని ఆగాను. కుర్రాళ్లు నన్ను సెక్షనమ్మ అని ఏడిపించేవాళ్లు. ఏడిపిస్తే ఏడిపించారు. చట్టం తప్పి సమ్మెలో దిగినవాణ్ణి విచారణ కూడా లేకుండా తీసేయొచ్చని నాకు తెలుసు, వాళ్లకు తెలియదు. అంతమంది ఉద్యోగాలు నా జాగ్రత్త మీద ఆధారపడి ఉన్నాయన్న భయంతో నాకు సరిగ్గా నిద్ర కూడా పట్టేది కాదు.

సమ్మె దేనికంటే, కళ్లకోసం. నిప్పు దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల కళ్లలో పొర కడుతుంది. మంచి రకం రక్షణ అద్దాలు ఇవ్వాలి, వేడి దగ్గర గంటల తరబడి నిలబెట్టకుండా విరామం ఇవ్వాలి. ఇంతే అడిగాం. కంపెనీ దీనికి కమిటీ వేస్తామంది. పని చేయడం ఇష్టం లేనివాళ్లు కమిటీ వేస్తారని మా యూనియన్‌లో అందరికీ తెలుసు, ఎందుకంటే మేమూ చాలా వేశాం.

యూనియన్ అధ్యక్షుడు మా మావయ్య. నాకు సొంత మేనమామ, ఫ్యాక్టరీలో మిగతా అందరికీ పిలుపుకి మావయ్య. ఆయనది ఫర్నేస్ దగ్గర పని. గోడ మీద ఫర్నేస్ అని రాసి ఉంటుంది గానీ, మేమంతా దాన్ని పొయ్యి అనే అంటాం. ఒకసారి వెలిగించాక ఏళ్ల తరబడి దాన్ని ఆర్పరు. లోపల గాజు చెరువులా కరిగి ఉంటుంది. చల్లారిందంటే ఆ గాజు గడ్డకడుతుంది, ఇటుకలు పగులుతాయి, ఇక అది దేనికీ పనికిరాదు. అందుకే మావయ్యా, ఆయన జట్టులో ఇంకో ఇద్దరూ గ్యాసు మంట పెంచుతూ తగ్గిస్తూ దాన్ని కాచుకుని ఉంటారు. మా అత్తయ్యకి జబ్బు చేసి ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా ఆయన డాక్టరుతో మాట్లాడుతూ నెమ్మదిగా ఉంది కదా అనబోయి, మంట నెమ్మదిగా ఉంది కదా అన్నాడట. అత్తయ్య ఆ మాట ఇప్పటికీ దెప్పుతుంది.

సమ్మె మొదలయ్యే ముందు రోజు సాయంత్రం క్యాంటీన్‌లో మీటింగు పెట్టాం. పొయ్యి సంగతేమిటని ఎవరో అడిగారు. అసలు అది అడగాల్సిన మాటే కాదన్నట్టు అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. అందరికంటే గట్టిగా అరిచింది గంటక్క. ఆవిడ ప్యాకింగ్ సెక్షన్. గొంతు విప్పితే మూడు షెడ్లు అవతలికి వినిపిస్తుంది కాబట్టి ఆ పేరు. గెలిచి వెనక్కొచ్చినప్పుడు పొయ్యి చల్లగా ఉంటే మనమంతా ఏం మొహం పెట్టుకుని లోపలికి పోతామని నిలదీసింది. మావయ్య జట్టు లోపలికెళ్లి మంట మాత్రం కాచాలని, ఒక్క సీసా కూడా దించకూడదని తీర్మానం చేశాం. ఆ తీర్మానం రాసింది నేను. ఒక్క చేయి కూడా వ్యతిరేకంగా లేవలేదు.

మర్నాడు మేము గేటు బయట టెంటు వేసుకుని కూర్చుంటే, మావయ్య జట్టుకి వాచ్‌మన్ సలాం కొట్టి మరీ గేటు తీశాడు. మేనేజరు ఆఫీసులోంచి బయటికొచ్చి వాళ్లతో, మీరు మంచి మనుషులు, మాకు ఆ నమ్మకం ఉంది అన్నాడట. ఏనాడూ మా మొహం చూడనివాడు మంచి మనుషులు అన్నాడంటే అప్పుడే ముక్కు మీద వేలేసుకోవాల్సింది. మేము మాత్రం మురిసిపోయాం.

కొన్ని వారాలు గడిచాక, సమ్మె చట్టవిరుద్ధమని కంపెనీ లేబర్ కోర్టుకి వెళ్లింది. నేను నవ్వుకున్నాను. నోటీసు, ఓటు, చర్చలు అన్నీ సీసాలో నీళ్లలా తేటగా ఉన్నాయి. మా లాయరుగారు ఫైలంతా చదివి, అమ్మా, మనవాళ్లెవరైనా లోపల పనిలో ఉన్నారా అని అడిగాడు. ఎవరూ లేరండి అన్నాను. అబద్ధం ఆడలేదు. మా ఫ్యాక్టరీలో ఎవర్ని అడిగినా అదే చెప్పేవాళ్లు. సీసా బయటికి వస్తేనే మాకు పని. పొయ్యి కాయడమంటే ఇంట్లో పెద్ద ప్రాణం ఉంటే కనిపెట్టుకుని ఉండడం లాంటిది.

కోర్టు గది ఇరుకుగా ఉంది. కిటికీ పక్కన పాత ఫైళ్లు కట్టలు కట్టి ఉన్నాయి, పైన ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. కంపెనీ లాయరు బక్కపలచటి మనిషి, మహా మర్యాదస్తుడు. మావయ్యని బోనులోకి పిలిచి, కుర్చీ కావాలా పెద్దాయనా అని అడిగాడు. వద్దన్నాడు మావయ్య. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. పొరలు కమ్మిన కళ్లతో జడ్జిగారు ఏ వైపు కూర్చున్నారో వెతుక్కుంటున్నాడు. కళ్ల సంగతి అడుగుతారు, చెప్పుకోవచ్చు అనుకున్నాం.

"మీ ఉద్యోగం ఏమిటండీ?" అని అడిగాడు లాయరు.

"పొయ్యి ఆరకుండా చూడడం," అన్నాడు మావయ్య.

"అంతేనా? ఇంకేమైనా చేస్తారా?"

"అంతేనండి. అది చాలదా?"

గదిలో కొందరు నవ్వారు. లాయరు కూడా నవ్వాడు.

"మరి సమ్మె రోజుల్లో ఏం చేశారు?"

మావయ్య ఛాతీ విరుచుకున్నాడు. నా కళ్లముందే విరుచుకున్నాడు. "పొయ్యి ఆరకుండా చూశాను," అన్నాడు.

నేను పక్కకి తిరిగి మా లాయరుగారి మొహం చూశాను. ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పటికీ నాకు అర్థం కాలేదు. ఆయన నా వైపు తిరిగి, ఎవరూ పనిలో లేరన్నావు కదమ్మా అని గొణిగాడు. అప్పుడు నేను రాసిన తీర్మానం నాకు గుర్తొచ్చింది.

మిగతా పని కంపెనీ లాయరు గొంతు పెంచకుండానే చక్కబెట్టాడు. ఈయన సాక్షాత్తూ యూనియన్ అధ్యక్షుడు. తనంతట తాను కాదు, యూనియన్ తీర్మానం మీద లోపలికి వెళ్లాడు. తన ఉద్యోగం ఏదో ఆ ఉద్యోగమే పూర్తిగా చేశాడు. కాబట్టి మొదటిరోజునే యూనియన్ సమ్మె విరమించినట్టు లెక్క. ఆ తర్వాత బయట కూర్చున్నవాళ్లంతా కొత్త నోటీసు లేకుండా, కొత్త ఓటు లేకుండా సమ్మెలో దిగినవాళ్లు. చావుకబురు చల్లగా చెప్పడమంటే ఏమిటో ఆ రోజు విన్నాను. మా లాయరుగారు లేచి పొయ్యి చల్లారితే ఆస్తి నష్టం కదా, అది కాపాడడం పని ఎలా అవుతుందని వాదించాడు. ఆస్తిని కాపాడడమే ఆయన ఉద్యోగమని అవతలివాడు ఒక్కమాటలో తేల్చేశాడు.

మావయ్య ఇంకా బోనులోనే నిలబడి ఉన్నాడు. తాను ఏదో తప్పు చెప్పానని ఆయనకి గదిలోని నిశ్శబ్దాన్ని బట్టి తెలిసింది గానీ, ఏ మాట తప్పో తెలియలేదు. "నేను నిజమే చెప్పానే అమ్మడూ," అన్నాడు, కిందికి దిగుతూ.

తీర్పు అలాగే వచ్చింది. గేటుకి నోటీసు అంటించారు. సమ్మెలో ఉన్న అందరినీ ఉద్యోగాల నుంచి తొలగించారు. సమ్మె కాలమంతా విధుల్లో ఉన్న ముగ్గురు తప్ప.

ఆ నోటీసు చదివాక టెంటులో ఏడ్చినవాళ్లున్నారు, నన్ను తిట్టినవాళ్లున్నారు. ఎక్కువమంది మాత్రం మావయ్యని చూసి మొహం తిప్పుకున్నారు. గంటక్క ఆయన ఎదుటికెళ్లి, మా అందరి పొయ్యిలూ ఆర్పి నీ ఒక్కడి పొయ్యీ వెలిగించుకున్నావు కదయ్యా అంది. ఆ గొంతు మూడు షెడ్లే కాదు, వీధంతా వినిపించింది. తీర్మానం రోజు అందరికంటే గట్టిగా లేచిన గొంతు ఎవరిదో గుర్తుచేద్దామని నా నోటిదాకా వచ్చింది. మావయ్య నా మోచేయి పట్టుకుని ఆపాడు.

మర్నాడు ఉదయం ఆయన డ్యూటీకి బయల్దేరుతుంటే అత్తయ్య వాకిట్లో అడ్డం నిలబడింది. ఇంత జరిగాక మళ్లీ ఆ గుమ్మం తొక్కుతావా అంది. కోర్టు వాళ్లని తీసేసింది, పొయ్యి ఏం పాపం చేసింది, అప్పీల్లో గెలిచి వాళ్లొచ్చేసరికి అది ఉండొద్దా అని ఆయన వెళ్లిపోయాడు. ఆయన్ని చూస్తే నాకు జాలి, కోపం ఒకేసారి కలిగాయి.

నేను టెంటులో అప్పీలు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. పొద్దు కొంచెం ఎక్కగానే మావయ్య తిరిగొచ్చేశాడు. యూనిఫాం చొక్కా చంకలో ఉంది, ఒంటిమీద బనీను మాత్రమే ఉంది. వచ్చి నా పక్కన నేలమీద కూలబడ్డాడు.

"గ్యాసు కట్టెయ్యమన్నాడు," అన్నాడు.

ఎవరని అడిగాను. మేనేజరని చెప్పాడు. నెమ్మదిగా కొన్నాళ్లపాటు మంట తగ్గించుకుంటూ వస్తే ఇటుకలైనా దక్కుతాయని ఈయన చెప్పాడట. అక్కర్లేదు, ఇవాళే కట్టెయ్, చల్లార్చే ఫ్యాన్లు పూర్తిగా తిప్పు అన్నాడట. ఈయన చేయనన్నాడు. ఆజ్ఞ ధిక్కరించినందుకు అక్కడికక్కడే తీసేశారు. వాల్వు తిప్పడానికి బయటినుంచి ఎవరినో తెచ్చుకున్నారట.

టెంటులో ఒక్కరూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. తన పొయ్యిని తానే పగలగొట్టుకునే యజమాని ఎక్కడైనా ఉంటాడా? గంటక్క పకపకా నవ్వింది. మాలో కలవడానికి మంచి కథే అల్లావు మావయ్యా, నీకింత తెలివి ఉందని తెలియదే అంది. ఆయన ఫ్యాక్టరీ కప్పు వైపు చెవి పెట్టి కూర్చున్నాడు. కళ్లు సరిగ్గా కనిపించని మనిషి కదా, అన్నిటికీ చెవే ఆధారం.

నేను లాయరుగారికి ఫోను చేశాను. ఆయన అంతా విని, ఫ్యాక్టరీలో ఇప్పుడు ఉద్యోగంలో ఎంతమంది ఉన్నారమ్మా అని అడిగాడు. ఇద్దరండి అన్నాను. అలాగైతే మూసెయ్యడానికి వాళ్లు ప్రభుత్వం అనుమతి అడగక్కర్లేదు, అంత చిన్న సంస్థకి ఆ సెక్షన్ వర్తించదు అన్నాడు. నిన్నటిదాకా మేమంతా ఉండగా మూసి ఉంటే అనుమతి కావాలి, మా అందరికీ పరిహారం ఇవ్వాలి. ఆ సెక్షన్ నాకు తెలుసు. నంబరుతో సహా తెలుసు. కానీ అది మాకు ఎందుకు పనికొస్తుందిలే అని పేజీ తిప్పేశాను. మొదటిరోజు వాచ్‌మన్ కొట్టిన సలాం నాకు అప్పుడు గుర్తొచ్చింది. పొయ్యి కాయనిచ్చింది ఇందుకేనన్నమాట.

భోజనాల వేళకి మొదటి చప్పుడు వినిపించింది.

తుపాకీ పేలినట్టుంది. వీధిలో వెళ్తున్న సైకిలు మనిషి కంగారులో కాలు కింద పెట్టేశాడు. కప్పు మీది పావురాలు ఒక్కపెట్టున లేచాయి. టెంటులో అందరం లేచి నిలబడ్డాం. మావయ్య మాత్రం లేవలేదు.

"అది పొయ్యి పైకప్పు," అన్నాడు.

కాసేపటికి ఇంకో చప్పుడు, దాని వెనకే సన్నగా చిటపటమని చాలా చప్పుళ్లు. "ఎడంపక్క గోడ," అన్నాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. మాకు కొత్తలో పని నేర్పేటప్పుడు పొయ్యిలో ఏ భాగం ఎక్కడుందో చూపించిన గొంతే అది. ఆ తర్వాత లోపల్నుంచి మూలిగినట్టు బరువైన శబ్దం ఒకటి వచ్చింది. ఆయన చంకలోని చొక్కా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అది గొంతు," అన్నాడు చొక్కా చాటునుంచి. కరిగిన గాజు పొయ్యిలోంచి మా సీసాల్లోకి వచ్చే దారిని గొంతు అంటారు.

గంటక్క వచ్చి ఆయన పక్కన నేలమీద కూర్చుంది. ఏదో అడగాలని ఉన్నట్టుంది, చాలాసేపటికి గానీ అడగలేకపోయింది. అడిగినప్పుడు ఆ గొంతు పక్కనే ఉన్న నాకు కూడా సరిగ్గా వినిపించలేదు. మళ్లీ వెలిగించుకోలేమా మావయ్యా అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

అప్పీలు కాగితాలు నా ఒళ్లోనే ఉన్నాయి. నేను సంతకం పెట్టాల్సిన చోట లాయరుగారు పెన్సిలుతో గుర్తు పెట్టి పంపించాడు. మమ్మల్నందరినీ తిరిగి మా మా స్థానాల్లో పనిలోకి తీసుకోవాలని దాంట్లో రాసి ఉంది.